వేలెడంత లేని సిపాయికి ఏ రంగు వేయాలి?

రెండో ప్రపంచ యుద్ధం మీద తయారైన మెమ్వార్ 44 అనే బోర్డు గేమ్ పెట్టె తెరిస్తే రెండు సైన్యాలవీ కలిపి 144 ప్లాస్టిక్ బొమ్మలు ఉంటాయి. సిపాయిలు, ట్యాంకులు, ఫిరంగులు. మిత్రపక్షం (అమెరికా, బ్రిటన్ వగైరా) వాళ్ళు ముదురు ఆకుపచ్చ, జర్మన్లు నీలం కలిసిన బూడిద రంగు. రిచర్డ్ బోర్గ్ రూపొందించిన ఈ ఆటను డేస్ ఆఫ్ వండర్ సంస్థ 2004లో తెచ్చింది. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రపక్షాల సేనలు దిగి అప్పటికి 60 ఏళ్ళు. ఆడటానికి ఆ బొమ్మలకు రంగు వేయాల్సిన పని లేదు. కానీ నాలుగైదు ఆటలు ఆడాక కొందరికి చెయ్యి ఊరుకోదు.

అక్కడి నుంచి కథ సాధారణంగా ఒకేలా నడుస్తుంది. 1944లో అమెరికన్ సిపాయి ఏ రంగు బట్టలు వేసుకున్నాడో వెదుకుతారు. సరిగ్గా ఆ రంగు సీసాలే తెప్పిస్తారు. కళ్ళు చికిలించుకుని కనుపాపలతో సహా వేస్తారు. తీరా బల్ల మీద పరిస్తే రెండు సైన్యాలూ కలిసిపోయి బురద రంగు గుంపులా కనబడతాయి. మూడో ఆటకల్లా తుపాకీ గొట్టాల దగ్గర రంగు పెచ్చులూడుతుంది. పనితనంలో లోపం ఉండి కాదు. సిపాయికి ఏ రంగు అని ఆలోచించారు గానీ, అది ఆటలో పావు అన్న సంగతి మర్చిపోయారు. పావును మూరెడు దూరం నుంచి చూస్తాం, వేళ్ళతో పట్టుకుంటాం, మళ్ళీ డబ్బాలో పడేస్తాం. రంగుల గురించి తీసుకునే ప్రతి నిర్ణయం ఈ మూడు పనుల చుట్టూ తిరుగుతుంది.

ముందు ప్లాస్టిక్ సంగతి చూద్దాం, ఎందుకంటే రంగు ఊడిపోవడానికి మూలం అక్కడుంది. ప్లాస్టిక్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ ఈ చిన్న సైనికుల్లో ముఖ్యంగా మూడు రకాలు తగులుతాయి. ఫ్రేముల నుంచి ముక్కలు కత్తిరించి అతికించుకునే కిట్లు గట్టి పాలిస్టైరీన్. బోర్డు గేముల్లో అచ్చు పోసి వచ్చే, కాస్త వంగే బొమ్మలు ఎక్కువగా పీవీసీ. ఎయిర్‌ఫిక్స్ 1959లో మొదలుపెట్టిన తరహాలో వచ్చే 1/72 స్కేలు (అసలు మనిషిలో 72వ వంతు) మెత్తటి సైనికులు చాలావరకు పాలిథీన్. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. బొమ్మ అంచున అదనంగా ఉన్న చిన్న ముక్క కోసి నీళ్ళలో వేయండి, గాలి బుడగలు అంటుకోకుండా వేలితో ఒకసారి ముంచండి. తేలితే పాలిథీన్, ఎందుకంటే అది నీటికంటే తేలిక. మునిగి, చేతితో వంచితే వంగుతుంటే పీవీసీ. మునిగి, వంచితే టక్కున విరిగితే పాలిస్టైరీన్.

రకం తెలిస్తే లాభమేమిటంటే, మూడింటివీ మూడు స్వభావాలు. పాలిస్టైరీన్ అన్నిటికంటే బుద్ధిమంతురాలు, రంగు బాగా పట్టుకుంటుంది. పాలిథీన్ ఉపరితలం చాలా ద్రవాల్ని తన మీద సరిగా పరుచుకోనివ్వదు, నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడిపోతాయి. మామూలు క్యారీ బ్యాగు మీద పెన్నుతో రాసింది తుడిస్తే పోతుంది కదా, అదే పదార్థం ఇది. పీవీసీకి ఇంకో తిరకాసు. స్వతహాగా గట్టిగా ఉండే ప్లాస్టిక్‌ను వంగేలా చేయడానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది లోపల స్థిరంగా కూర్చోదు, మెల్లగా పైకి వస్తుంటుంది. కొన్ని స్ప్రే డబ్బాల్లోని సాల్వెంట్ (రంగును కరిగించి ఉంచే ద్రవం) దానితో కలిస్తే పూత రోజుల తరబడి ఆరక, పట్టుకుంటే వేలికి జిగురు తగులుతూనే ఉంటుంది. అందుకే పీవీసీ బొమ్మకు తెలియని స్ప్రే ఏదైనా ముందు ఒక్క బొమ్మ అడుగున కొట్టి, రెండు రోజులు ఆగి చూడాలి. సైన్యం మొత్తాన్ని వరసగా నిలబెట్టి ఒకేసారి కొట్టేయాలన్న ఆత్రం చాలా పెట్టెల్ని పాడు చేసింది.

ఏ ప్లాస్టిక్ అయినా మొదటి పని మాత్రం స్నానమే. అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో వాడే పదార్థం పలచటి పొరలా దాని మీద మిగిలిపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. పెట్టెలో నలిగి వంకరపోయిన తుపాకులుంటే వాటి పని కూడా అప్పుడే చూసుకోవచ్చు. పీవీసీ బొమ్మను పట్టకారుతో పట్టుకుని మరిగించి దించిన నీళ్ళలో కాసేపు ముంచి, తుపాకీని తిన్నగా చేసి, వెంటనే చల్లటి నీళ్ళలో పెడితే అలాగే బిగుసుకుంటుంది. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట మిగిలే సన్నటి గీతను మెత్తటి ప్లాస్టిక్ మీద గీకకూడదు, నూగు లేస్తుంది. పదునైన కొత్త బ్లేడుతో పొరలా చెక్కాలి.

ఆ తర్వాత ప్రైమర్. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సున్నం పూత వేశాకే రంగుల జోలికి వెళ్తారు. ఇక్కడ ప్రైమర్ చేసే పనీ అదే. కింది పదార్థానికీ పై రంగుకీ మధ్య రెండిటినీ పట్టుకునే పొర అది, పైగా అడుగంతా ఒకే రంగు అవుతుంది. వంగే బొమ్మకు వంగే పూత కావాలి కాబట్టి, పీవీసీకి బ్రష్‌తో వేసే యాక్రిలిక్ పాలియురెథేన్ రకం మంచిదని నా అభిప్రాయం. వాయేహో కంపెనీ అమ్మే సర్ఫేస్ ప్రైమర్ ఆ కోవలోదే. మన వాతావరణం కూడా ఆ మాటే చెబుతుంది. మే నెల మధ్యాహ్నం స్ప్రే కొడితే తుంపర గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుక చల్లినట్టు పడుతుంది. వానాకాలంలో కొడితే తేమ పట్టి తెల్లగా మసకబారుతుంది. విశాఖ, కాకినాడల్లో ఏ నెలా నమ్మడానికి లేదు. ఇక స్ప్రేయే కావాలనుకుంటే, ఎండాకాలం పొద్దున్నే, వానాకాలం వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం పూట.

ఇప్పుడు కంటి సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉంది, లెక్క వేస్తే తప్ప అర్థం కాదు. 175 సెంటీమీటర్ల మనిషిని 72 రెట్లు తగ్గిస్తే 24 మిల్లీమీటర్లు. తెరిచిన కన్ను రెప్పకూ రెప్పకూ మధ్య దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుందనుకుంటే, బొమ్మ మీద అది 0.14 మిల్లీమీటరు. మామూలు చూపున్న మనిషికి 60 సెంటీమీటర్ల దూరంలో విడివిడిగా కనబడే అతి చిన్న కొలత సుమారు 0.17 మిల్లీమీటరు. అంటే బల్ల అవతల కూర్చున్నవాడికి మీ సిపాయి కన్ను తెరిచి ఉందో మూసి ఉందో తెలిసే అవకాశమే లేదు. దాన్ని కనబడేలా వేయాలంటే నిజం కంటే రెండు మూడింతలు పెద్దది వేయాలి. వేస్తే అది దయ్యాన్ని చూసి జడుసుకున్న ముఖంలా తయారవుతుంది. హెల్మెట్ అంచు కింద ఒక ముదురు నీడ గీత, ముక్కు మీద, చెంపల మీద కాస్త లేత రంగు. ఈ రెండూ ఉంటే చాలు, చూసేవాడి బుర్ర అక్కడ కళ్ళను తనే ఊహించుకుంటుంది.

నీడల విషయమూ ఇంతే. నిజమైన కోటు మడతలో రెండు సెంటీమీటర్ల లోతు ఉంటే, బొమ్మలో అది పావు మిల్లీమీటరు చిల్లర. ట్యూబ్‌లైటు వెలుగు గోడల నుంచీ సీలింగు నుంచీ అన్ని వైపులా పడుతుంటే ఆ మడతలో పడే నీడ ఎంతని? పడినా కంటికి విడిగా ఆనదు. అందుకే ఒకే రంగు వేసిన సిపాయి దూరం నుంచి రంగు ముద్దలా కనిపిస్తాడు. వెలుగు చేయలేని పనిని రంగుతో చేయాలి. మడతల్లో నిజం కంటే ముదురు, ఎత్తుల మీద నిజం కంటే లేత. దగ్గర పెట్టుకుని చూస్తే మొరటుగా అనిపిస్తుంది, ఫొటో తీస్తే ఇంకా మొరటుగా అనిపిస్తుంది. బల్ల మీద పెడితే సరిపోతుంది. ఫొటోల్లో నున్నగా, ముచ్చటగా కనబడే బొమ్మలు చాలాసార్లు ఆటలో తేలిపోవడానికి కారణం ఇదే. వాటిని కెమెరా కోసం వేశారు.

ఆ ముదురు నీడల్ని సులువుగా తెచ్చేది వాష్. పలచటి ముదురు రంగు అది. బొమ్మంతా పూస్తే ఎత్తుల మీద నుంచి జారి గుంటల్లో చేరుతుంది. ఇంట్లో ఉన్న రంగులో నీళ్ళు పోస్తే వాష్ అయిపోతుంది కదా అనుకుంటారు. అవదు. యాక్రిలిక్ రంగులో రంగు పొడితో పాటు దాన్ని పట్టి ఉంచే బైండర్ కూడా ఉంటుంది. నీళ్ళు ఎక్కువైతే బైండర్ చాలక, ఆరాక పొడి వేలికి వచ్చేస్తుంది. పైగా నీటికున్న సర్ఫేస్ టెన్షన్ వల్ల అది గుంటల్లోకి పాకకుండా చుక్కలు కడుతుంది. ఆ చుక్క అంచుల దగ్గర ముందు ఆరుతూ లోపలి పొడిని కూడా అంచుకే లాక్కుంటుంది కాబట్టి చుట్టూ మరక గీత మిగులుతుంది. దుకాణంలో కొనే వాష్‌లలో ఆ టెన్షన్‌ను తగ్గించే పదార్థం, తగినంత బైండర్ కలిపి ఉంటాయి. ఇంట్లో చేసుకోవాలంటే నీళ్ళకు బదులు యాక్రిలిక్ మీడియం, అంటే రంగు పొడి లేని బైండర్ ద్రవం, వాడాలి. బొమ్మల యుద్ధాల ఆటలు తయారుచేసే బ్రిటిష్ సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ 2019లో కాంట్రాస్ట్ పేరుతో తెచ్చిన రంగులు ఈ సూత్రాన్నే ఒక అడుగు ముందుకు తీసుకెళ్ళాయి. లేత ప్రైమర్ మీద ఒక్క పూతలోనే ఎత్తుల మీద పలచగా, గుంటల్లో చిక్కగా నిలబడి, అసలు రంగు, నీడ రెండూ ఒకేసారి ఇస్తాయి. గుంపులు గుంపులుగా సిపాయిలున్న ఆటకి ఇంతకంటే సుఖమైన దారి నాకు తెలియదు. వీటిని వాడటం దొడ్డిదారి అనే శుద్ధవాదులున్నారు. వాళ్ళ సైన్యాలు ఇంకా రంగు పడక బూడిద ప్లాస్టిక్‌గానే ఉండటం గమనించాను.

వాష్ మొత్తం మీద రంగును ఒక మెట్టు ముదురు చేస్తుంది. పైగా చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలు కంటే ముదురుగా అనిపిస్తుంది. కాబట్టి నిజమైన యూనిఫారం రంగు కంటే ఒకటి రెండు మెట్లు లేతగా మొదలుపెట్టాలి. అసలు గుడ్డ ముక్క తెచ్చి పక్కన పెట్టి రంగు కలిపినా, బొమ్మ మీద అది తప్పుగానే కనబడుతుంది.

ఇంతకీ చరిత్ర ఏం చెబుతుంది? పెట్టెలోని ప్లాస్టిక్ రంగుల్ని మాత్రం నమ్మకూడదు. నార్మండీలో దిగిన అమెరికన్ పదాతి సిపాయి ఆకుపచ్చ మనిషి కాదు. అతని హెల్మెట్ ఆలివ్ ఆకుపచ్చే. ఒంటి మీది 1941 నమూనా జాకెట్ మాత్రం ఇసుక రంగుకు దగ్గరగా ఉండే లేత ఖాకీ, ఉన్ని ప్యాంటు గోధుమ రంగు, కాళ్ళకు కట్టే క్యాన్వాస్ లెగ్గింగులు, బెల్టు, సంచులు రకరకాల లేత ఖాకీలు, బూట్లు ఎర్రటి గోధుమ. జూన్ 6న దిగిన పారాట్రూపర్లదీ ఖాకీ తరహా దుస్తులే. అందరికీ గుర్తుండిపోయిన ముదురు ఆకుపచ్చ 1943 నమూనా దుస్తులు వాళ్ళ ఒంటి మీద కనబడేది సెప్టెంబరులో హాలెండ్‌లో దిగినప్పుడు. బ్రిటిష్ వాడి యూనిఫారం పేరు బ్యాటిల్‌డ్రెస్, గోధుమ వైపు మొగ్గే ముతక ఉన్ని. జర్మన్ యూనిఫారం రంగు ఫీల్డ్‌గ్రే పేరుకు బూడిద గానీ అందులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. యుద్ధం ముదిరి ఉన్ని నాణ్యత పడిపోయే కొద్దీ అది ఒక్కో మిల్లులో ఒక్కోలా, మట్టి రంగుల వైపు జారింది. అంటే ఒకే దళంలో నలుగురికి నాలుగు ఛాయలు వేసినా చరిత్రకు ద్రోహం చేసినట్టు కాదు.

ట్యాంకుల దగ్గర పెట్టె ఇంకా ఎక్కువ తప్పుదోవ పట్టిస్తుంది. జర్మన్ ట్యాంకు అనగానే ముదురు బూడిద రంగు గుర్తొస్తుంది. పోలండ్, ఫ్రాన్స్, రష్యా దండయాత్రల నాటికి అది దాదాపు నిజం. కానీ 1943 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వులతో అసలు రంగు ముదురు పసుపుగా మారిపోయింది. దాని మీద దళాలే ఆలివ్ ఆకుపచ్చ, ఎర్రటి గోధుమ రంగుల పట్టీలు వేసుకునేవి. కాబట్టి నార్మండీ యుద్ధం ఆడేటప్పుడు బూడిద రంగు ట్యాంకు ఏడాది పైగా పాతబడిన రంగులో వచ్చినట్టు. ఆటగాడికి ఇది పెద్ద వరం, కారణం కాసేపట్లో చెబుతాను. అమెరికన్ షెర్మన్ ట్యాంకు ఆలివ్ ఆకుపచ్చే, తెల్ల నక్షత్రంతో.

భారత సైన్యాన్ని వేసుకోవాలనుకునే మన ఆటగాళ్ళకి ఒక మాట. 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇటలీలోని మాంటె కసీనో దగ్గర పోరాడిన 4వ ఇండియన్ డివిజన్‌లో తెలుగువాళ్ళు కూడా చేరే మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీర్ల దళం ఉంది. ఉత్తరాఫ్రికాలో వేసుకున్న పలచటి ఖాకీ నిక్కర్లు అక్కడి చలికి పనికిరావు. బ్రిటిష్ వాళ్ళలాగే ఉన్ని బ్యాటిల్‌డ్రెస్ వేయాలి. ఆ డివిజన్ గుర్తు ఎర్ర గద్ద. 1/72 బొమ్మ భుజం మీద అది ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది కాబట్టి గద్దను గీయబోకండి, ఒక ఎర్ర చుక్క పెడితే గద్దే అనుకుంటారు.

ఇప్పుడు మొదటి చిక్కుకి వద్దాం. చరిత్ర ప్రకారం వేస్తే ఒక పక్క ఖాకీ, గోధుమ, ఇంకో పక్క ఆకుపచ్చ బూడిద. ఎండలో బాగానే తేడా తెలుస్తుంది. కానీ మనం ఆడేది రాత్రి భోజనాలయ్యాక, పసుపు వెలుగు బల్బు కింద. ఆ వెలుగులో నీలం పాళ్ళు తక్కువ కాబట్టి చల్లటి రంగులన్నీ మట్టి రంగు వైపు జరుగుతాయి, తేడా సగం చచ్చిపోతుంది. పరిసరాల్లో కలిసిపోవడమే ఉద్దేశంగా తయారైన రంగులు అవి. నేల మీద, పొదల్లో కనబడకుండా ఉండటానికి సైన్యాలు ఎంచుకున్న రంగుల్ని, కనబడటమే ధర్మమైన పావుకి వేస్తున్నాం. ఈ తగాదాలో నా ఓటు ఆటకే. చరిత్ర పరిధి దాటకుండానే సర్దుబాటుకి చోటుంది. అమెరికన్ల ఖాకీని ఉన్నదానికంటే వెచ్చగా, లేతగా తీసుకెళ్ళండి. జర్మన్ ఫీల్డ్‌గ్రేలో ఆకుపచ్చ నీలాల పాలు పెంచి, నల్ల బూట్లు, నల్ల బెల్టులు గట్టిగా కనబడనివ్వండి. ట్యాంకుల్లో ఒక పక్క పసుపు, ఒక పక్క ఆకుపచ్చ, ఎంత మసక వెలుగులోనూ పొరబడే పని లేదు. ఇందాక వరం అన్నది అందుకే. ఇవన్నీ చేశాక కూడా అడుగున ఉండే చిన్న పీఠం అంచుకి సైన్యానికో రంగు వేయండి, ఒకరికి ముదురు గోధుమ, ఇంకొకరికి నలుపు. బొమ్మ మీదికి చూపు పోతే చరిత్ర, అంచు మీదికి పోతే ఆట.

పీఠం దగ్గరే ఇంకో జాగ్రత్త. ఫెవికాల్ రాసి ఇసుక చల్లి, ఆరాక గోధుమ రంగు వేసి, పైన లేత రంగులో ముంచి దాదాపు తుడిచేసిన పొడి బ్రష్‌తో తడిమితే నేల బాగా వస్తుంది. కొందరు ఇంకా ముచ్చటపడి నలుగురు సిపాయిల్ని ఒకే పలక మీద అతికిస్తారు. ఈ ఆటలో పదాతి దళం అంటే నాలుగు బొమ్మలు, ట్యాంకు దళం అంటే మూడు, ఫిరంగి దళం అంటే రెండు. దెబ్బ తగిలినప్పుడల్లా ఒక్కో బొమ్మను తీసేయాలి. దళం పూర్తిగా పోతే చివరి బొమ్మ గెలిచినవాడి పతకాల వరసలో కూర్చుంటుంది. పలకకు అతికిస్తే ఆటే ఆగిపోతుంది. నలుగురూ ఒకే ఆరు మూలల గడిలో పట్టాలి కాబట్టి పీఠాన్ని వెడల్పు చేయడమూ కుదరదు. ఏ బొమ్మ ఎప్పుడు ఏ దళంలో నిలబడుతుందో తెలియదు కాబట్టి ఒక్కడిని మాత్రం ముద్దుచేసి మూడు రాత్రులు కూర్చుని వేయడంలోనూ అర్థం లేదు.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కావలసింది సన్నటి బ్రష్ కాదు, మొన చెదరని బ్రష్. మరీ సన్నటిదైతే రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మన ఎండలకి రంగును ఆరిపోకుండా ఉంచే వెట్ ప్యాలెట్ తప్పనిసరి. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపరు, అంతే. స్టూడెంట్ల కోసం అమ్మే ట్యూబు యాక్రిలిక్‌లో పొడి కాస్త ముతకగా ఉంటుంది, నేలకీ పీఠానికీ దాన్ని వాడి, దిగుమతి సీసాలను యూనిఫారాలకు దాచుకోవచ్చు. ఒక్కో సిపాయిని కాకుండా ఎనిమిది పది మందిని వరసగా పెట్టుకుని, అందరికీ జాకెట్లు, అందరికీ ప్యాంట్లు అంటూ లోపలి నుంచి బయటికి వస్తే పని త్వరగా తెములుతుంది.

చివరి పూత వార్నిష్. చేతి చెమట, నూనె, డబ్బాలో ఒకదానికొకటి తగిలే రాపిడి, వీటన్నిటికీ అడ్డం అదే. మెరిసే రకం పూత గట్టిది. మెరుపు లేని రకంలో వెలుగును చెదరగొట్టే పొడి కలుపుతారు, చూడటానికి బాగుంటుంది గానీ రాపిడికి అంతగా ఆగదు. అందుకని ముందు మెరిసేది ఒక పూత, బాగా ఆరాక మెరవనిది ఒక పూత. రెండో సీసాను వాడే ముందు గట్టిగా కుదపాలి. అడుగున పేరుకున్న పొడి కలవకపోతే కొందరు సిపాయిలు మెరుస్తారు, కొందరు తెల్లబడతారు. తుపాకీ గొట్టం, ఫిరంగి మొన లాంటి వంగే చోట్ల మెరిసే పూత ఇంకోసారి వేస్తే పెచ్చులూడటం చాలావరకు తగ్గుతుంది.

ఇంత చేసి బొమ్మల్ని థర్మోకోల్ పెట్టెలో సర్ది అటక మీద పెట్టేవాళ్ళున్నారు. వేడికి యాక్రిలిక్ పొర మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. పీవీసీలోంచి బయటికొచ్చే ప్లాస్టిసైజర్ థర్మోకోల్‌ను మెల్లగా తినేస్తుంది, ఎందుకంటే థర్మోకోల్ కూడా పాలిస్టైరీనే. మామూలు అట్టపెట్టెలో, వరసకీ వరసకీ మధ్య అట్టముక్క అడ్డం పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే అల్మారాలో పెట్టుకోండి.